మా వాడు ఏడు డబ్బాల లిస్టు పంపాడు. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవి?

కుట్టుమిషన్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. మా అబ్బాయికి ఇరవై ఏళ్లు. కర్నూలులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. ఎనిమిది నెలల నుంచి జిమ్‌కు పోతున్నాడు. చిన్నప్పటి నుంచీ బక్కగానే ఉండేవాడు. ఇప్పుడు 62 కిలోలు, ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. జిమ్ మొదలుపెట్టాక రాత్రి పదికల్లా ఫోన్ పక్కన పెట్టి పడుకుంటున్నాడు. పొద్దున్నే లేస్తున్నాడు. అది చూసి నాకు చానా సంతోషం. అందుకే వాడు ఏదైనా అడిగితే ఒక్క మాటలో వద్దనలేకపోతున్నాను.

మొన్న ఆదివారం వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. జిమ్‌లో కోచ్ రాసిచ్చాడంట. మాస్ గెయినర్ మూడు కిలోలు, వే ప్రోటీన్ ఒక కిలో, బీసీఏఏ, క్రియాటిన్, ప్రీ వర్కౌట్, చేపనూనె మాత్రలు, మల్టీవిటమిన్. మొత్తం 11,700 రూపాయలు. లైనింగ్ జాకెట్‌కు నేను 300 తీసుకుంటాను. అంటే ముప్ఫై తొమ్మిది జాకెట్లు. అవసరమైతే రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని కుడతాను, డబ్బు గురించి కాదు నా టెన్షన్. వాడి ఒంట్లోకి ఏం పోతుందో అన్నదే.

ఈ భయం ఊరికే రాలేదు. ఈ ఎండాకాలం మా నాయనకు జరిగింది చెప్తాను. ఆయనకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. డి విటమిన్ తక్కువగా ఉందని 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు రాశారు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు వాడాలి. చీటీ ఇంగ్లీషులో ఉంది. మందుల షాపులో ప్యాకెట్లు చేతికిచ్చి పాలలో కలుపుకోమన్నారే కానీ, వారానికి ఒకటేనని చెప్పలేదు. ఆయన రోజూ రాత్రి స్టీలు గ్లాసులో పాలు పోసుకుని, నా కత్తెరతో ప్యాకెట్ మూల కత్తిరించి, పొడి ఒంపి, చివరి రవ్వ రాలేదాకా వేలితో తట్టేవాడు. అయిపోయినప్పుడల్లా ఖాళీ ప్యాకెట్ చూపించి ఇంకొన్ని తెచ్చుకున్నాడు. అలా రెండు నెలలు. మోకాళ్లు తేలికయ్యాయని చెప్పేవాడు కూడా.

తర్వాత దాహం మొదలైంది. రాత్రి ఐదారు సార్లు లేవడం, మలబద్ధకం, వాంతులు, అన్నం చూస్తే మొహం తిప్పుకోవడం. ఒకరోజు నన్ను పట్టుకుని మా మేనత్త పేరుతో పిలిచాడు. అప్పుడు ఆసుపత్రికి తీసుకుపోయినాం. రక్తంలో కాల్షియం 13.6 ఉంది, ఉండాల్సిన దానికంటే చానా ఎక్కువ. ఆరు రోజులు సెలైన్లు ఎక్కించారు. ఇంటికొచ్చి ఆయన మంచం కింద బిస్కెట్ల డబ్బా తీస్తే అందులో ఖాళీ ప్యాకెట్లు, షాపులో చూపించడానికని దాచుకున్నవి. ఒక్కొక్కటీ నేల మీద పరిచి లెక్కపెట్టాను. యాభై ఎనిమిది ఉన్నాయి. అన్నిటికీ మూల ఒకే తీరుగా కత్తిరించి ఉంది.

ఇప్పుడు ఎవరైనా "విటమినే కదా, ఏమవుతుంది" అంటే నాకు ఆ డబ్బానే కనిపిస్తోంది. అందుకే అడుగుతున్నాను. ఈ ఏడింటిలో వాడికి నిజంగా ఉపయోగపడేవి ఏవి? ప్రోటీన్ పొడి తింటే కిడ్నీలు పాడవుతాయంటారు, నిజమేనా? అసలుది, నకిలీది ఎట్లా తెలుస్తుంది? ఇంకో మాట. నాకు హిమోగ్లోబిన్ 9.2 ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు, కాల్షియం మాత్ర కూడా ఉంది. జుట్టు రాలుతోందని చెబితే పక్కింటామె బయోటిన్ డబ్బా ఒకటి ఇచ్చింది. అన్నీ కలిపి ఒకేసారి మింగుతున్నాను. అది సరేనా?

టవర్‌క్లాక్ దగ్గర (అనంతపురం)

అక్కా, నాకు 26 ఏళ్లు, నాలుగేళ్లుగా జిమ్ చేస్తున్నా. బీసీఏఏ మాత్రం కొనియ్యొద్దు. నేను ఏడాదిపాటు వాడాను. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలే, అంటే ప్రోటీన్ ముక్కలే, అందులో ఉండేవి. అవి పాలలో, గుడ్డులో, వే పొడిలో ముందే ఉంటాయి. ప్రోటీన్ సరిపడా తినేవాడికి అది పుచ్చకాయ వాసన ఉన్న నీళ్లే.

ఇంకో సంగతి. రెండేళ్ల కింద ఒక పరిచయస్థుడి దగ్గర సీలు లేని డబ్బా సగం ధరకు కొన్నాను. బిల్లు లేదు. నీళ్లలో వేసి కలిపితే గోధుమపిండిలా అడుగుకు దిగిపోయింది. వారం రోజులు కడుపునొప్పి, వీపంతా మొటిమలు. పారేసిన రోజు చానా బాధపడ్డా, అది నా మొదటి జీతంతో కొన్నది. బిల్లు ఇవ్వని చోట ఏదీ కొననివ్వొద్దు అక్కా.

పీఈటీ సార్ (కడప)

అమ్మా, మీ నాయన గారు కోలుకున్నందుకు సంతోషం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. చదువుకునే రోజుల్లో వెయిట్‌లిఫ్టింగ్ చేశాను. పాతికేళ్లుగా పిల్లలతో చేయిస్తున్నాను. మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నాకు ఒకటి కావాలి. మీ వాడు లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం తింటున్నాడు? హాస్టల్ మెనూ బోర్డు మీద ఉన్నది కాదు, నిన్న వాడి పళ్లెంలో పడింది. ఫోన్ చేసి అడిగి ఇక్కడ రాయండి. అది తెలియకుండా డబ్బాల గురించి మాట్లాడటం కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించడమే, మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

కుట్టుమిషన్ (అనంతపురం)

సార్, ఇప్పుడే మాట్లాడాను. పొద్దున ఏడున్నరకు ఉగ్గాని, ఒక మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం అన్నం, పల్చటి పప్పు, బీరకాయ కూర, రసం, ఒక గరిటె పెరుగు. సాయంత్రం ఐదుకు టీ, రెండు బిస్కెట్లు తిని జిమ్‌కు పోతాడంట. తిరిగొచ్చాక ఎనిమిదిన్నర దాకా మెస్ తెరవరు. అప్పటికి కళ్లు తిరుగుతాయని ఇవాళే చెప్పాడు, ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. రాత్రి రెండు చపాతీలు, కుర్మా, కొంచెం అన్నం. బుధవారం ఒక గుడ్డు, ఆదివారం రెండు చికెన్ ముక్కలు. పాలు లేవు.

పీఈటీ సార్ (కడప)

ఇదీ నాకు కావాల్సింది. కూర్చుని లెక్క వేశాను. ఉగ్గానిలో ప్రోటీన్ ఆరు గ్రాములు ఉంటే గొప్ప. పైన చల్లే పప్పుల పొడి వల్లే ఆ మాత్రం. మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు అన్నీ కలిపి 19, 20. టీ, బిస్కెట్లు రెండు. రాత్రి 15. మొత్తం 45 గ్రాములు దాటదు. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలంటుంది. 62 కిలోల మీ వాడికి అది 51 గ్రాములు. అంటే జిమ్‌కు పోకుండా ఇంట్లో కూర్చున్నా వాడికి తక్కువే పడుతోంది. బరువులెత్తి కండ పెంచుకోవాలంటే కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే దగ్గరదగ్గర 100. లోటు 55 గ్రాములు.

కాబట్టి వాడు అడిగిన దాంట్లో న్యాయం ఉందమ్మా. ఆకలి నిజం, లోటు నిజం. ఆ లోటును దేనితో పూడ్చాలన్నదే ప్రశ్న.

మన చేతిలో ఉన్నవి చూడండి. మూడు ఉడికించిన గుడ్లు, 18 గ్రాములు. అర లీటరు పాలు, 16. యాభై గ్రాముల చెనిక్కాయ విత్తనాలు, 12. యాభై గ్రాముల పప్పులు, అదే పుట్నాలు, పొడి కొట్టి మజ్జిగలో కలుపుకుంటే 11. కలిపితే 57. ఇవాళ్టి ధరల్లో రోజుకు 65 రూపాయల చుట్టూ అవుతుంది, నెలకు రెండు వేలు. పైగా ఈ నాలుగింటితో దాదాపు వెయ్యి కేలరీలు అదనంగా వస్తాయి. బక్కవాడు బరువు పెరగాలంటే కావాల్సింది అదే. ఒక్కసారిగా అన్నీ తినమంటే కడుపు ఉబ్బుతుంది. మొదటి వారం సగం, తర్వాత పూర్తిగా. చెనిక్కాయలు, పప్పుల పొడి సాయంత్రం ఐదుకే తినాలి, బిస్కెట్ల బదులు. గుడ్లు, పాలు జిమ్ నుంచి వచ్చాక. మెస్ తెరిచేదాకా కళ్లు తిరగవు. హాస్టల్ బయట ఉడికించిన గుడ్లు అమ్మే బండి ఎక్కడైనా ఉంటుంది.

ఇంకా తక్కువ ఖర్చులో కావాలంటే మీల్ మేకర్ ఉంది. పొడిగా ఉన్నది యాభై గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి పిండితే 26 గ్రాముల ప్రోటీన్. మా స్కూల్లో కబడ్డీ ఆడే పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. ఉల్లిపాయ, నిమ్మరసం, కారం వేసి కలిపిస్తే గిన్నె ఖాళీ చేస్తారు.

ఇప్పుడు లిస్టు సంగతి. మాస్ గెయినర్ కొట్టేయండి. డబ్బా వెనక పదార్థాల వరసలో మొదట ఏముందో చూడండి. చాలావాటిలో మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటుంది. అది త్వరగా చక్కెరగా మారే పిండి. కేలరీలే కావాలంటే రాగిపిండి, పాలు, బెల్లం, రెండు అరటిపండ్లు ఉన్నాయి. మా పులివెందుల అరటి కర్నూలు బజారులో కూడా దొరుకుతుంది.

ప్రీ వర్కౌట్ కూడా వద్దు. అందులో పని చేసేది ముఖ్యంగా కెఫిన్. ఒక్క స్కూపులో 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండేవి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజంతటికీ 400 దాటకూడదంటారు. సాయంత్రం ఐదున్నరకు అది తాగితే పదికి నిద్ర పట్టదు. మీ వాడు కష్టపడి తెచ్చుకున్న మంచి అలవాటు ఆ నిద్రే. దాన్ని పోగొట్టే ఏ పొడినీ నేను ఒప్పుకోను. కావాలంటే జిమ్ ముందు ఒక కప్పు కాఫీ తాగమనండి, అదీ ఐదు లోపలే.

వే ప్రోటీన్ విషం కాదు, అమృతమూ కాదు. పాలను విరగ్గొట్టి జున్నుగడ్డ తీసేశాక మిగిలే తేట నుంచి తీసేది. నాణ్యమైన ప్రోటీనే. మంచి డబ్బాలో 30 గ్రాముల స్కూపుకు 24 గ్రాములు ఉంటుంది. కిలో 2,400 అనుకుంటే ముప్ఫై మూడు స్కూపులు, ఒక్కోటి దాదాపు 73 రూపాయలు. అదే 24 గ్రాములు నాలుగు గుడ్లలో 28 రూపాయలకు వస్తుంది. పరీక్షల రోజుల్లో తినడానికి కుదరనప్పుడు ఒక స్కూపు తాగితే తప్పులేదు. 2024 మే నెలలో వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు అసలు ప్రోటీన్ సప్లిమెంట్లు మానుకోమనే చెప్పాయి. నేను అంత దూరం పోను. కానీ తిండి సరి చేయకముందు డబ్బా కొనడం నాకు ఇష్టం లేదు.

క్రియాటిన్ ఒక్కటి వేరు. వ్యాయామం చేసేవాళ్ల కోసం అమ్మేవాటిలో ఎక్కువ పరిశోధన జరిగిన వాటిలో ఇదొకటి. మాంసం, చేపల్లో సహజంగా ఉంటుంది. కండరం బలంగా, కొద్ది సెకన్లలో చేసే పనికి కావాల్సిన శక్తిని త్వరగా తిరిగి నింపడానికి సాయపడుతుంది. మాంసం తక్కువ తినే మీ వాడిలాంటి వాళ్లకు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మోనోహైడ్రేట్ అని రాసి ఉన్న సాదాదే చాలు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు, ఒక చిన్న చెంచా. మొదటి వారం ఇరవై గ్రాములు తినాలని కోచ్ చెబితే అక్కర్లేదు. రోజుకు 5 గ్రాముల చొప్పున 250 గ్రాముల డబ్బా యాభై రోజులు వస్తుంది. మొదట్లో కండరాల్లో నీరు చేరి కిలో, కిలోన్నర బరువు పెరుగుతాడు. అది కండ అనుకోకూడదు, భయపడకూడదు. మన ఎండల్లో నీళ్లు బాగా తాగాలి.

కిడ్నీల గురించి: ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు ఈ మోతాదు ప్రోటీన్ వల్ల గానీ క్రియాటిన్ వల్ల గానీ హాని జరిగినట్టు పరిశోధనల్లో కనబడలేదు. ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మీ వాడికి ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించి మొదలుపెట్టండి.

రాగిసంగటి (కడప)

ఈ రసాయనాలన్నీ ఎందుకండీ? మా అబ్బ సంగటి, ఊరుబిండి తిని ఎనభై ఏళ్లు మడక దున్నాడు. అబ్బాయికి అశ్వగంధ పొడి, తిప్పతీగ రసం ఇవ్వండి. చెట్టు నుంచి వచ్చేవి కాబట్టి ఏ హానీ ఉండదు.

కర్నూలు ల్యాబ్ (కర్నూలు)

అన్నా, సంగటి, ఊరుబిండి విషయంలో మీతో నేనూ ఒకటే. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఊరుబిండిలో చెనిక్కాయ ఉంది. కానీ చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని లేదన్న మాట ఒప్పుకోలేను. నేను రక్తపరీక్షల ల్యాబులో పదహారేళ్లుగా పని చేస్తున్నాను. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం రోజూ తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి మన దేశంలోనే డాక్టర్లు 2021లో ప్రచురించారు. అశ్వగంధ మాత్రలతో కామెర్లు వచ్చిన కేసులు కూడా నమోదయ్యాయి. లావు తగ్గించే గ్రీన్ టీ సారం మాత్రలతోనూ అంతే. అందరికీ వస్తుందని కాదు. వచ్చినవాళ్ల రిపోర్టు చేత్తో పట్టుకుంటే మాత్రం ఆ మాట తేలిగ్గా అనలేం.

కుట్టుమిషన్ అక్కా, మీ నాయన సంగతి చదివి చానాసేపు అలా కూర్చుండిపోయాను. ఆ ప్యాకెట్ లెక్క మీకు చెప్పాలి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన డి విటమిన్ 600 యూనిట్లు. అంటే ఒక్క ప్యాకెట్ వంద రోజుల అవసరం. లోటు ఉన్నవాళ్లకు దాన్ని త్వరగా నింపడానికి వారానికొకటి ఇస్తారు. బి, సి విటమిన్లు నీళ్లలో కరుగుతాయి, ఎక్కువైనది చాలావరకు మూత్రంలో పోతుంది. బి కాంప్లెక్స్ మింగిన రోజు పచ్చగా రావడం అందుకే. డి అలా పోదు, కొవ్వులో నిలవ ఉంటుంది, మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెంచుతుంది. ఆపేశాక కూడా తగ్గడానికి నెలలు పడుతుంది. అందుకని మీ నాయనకు డాక్టర్ చెప్పేదాకా కాల్షియం మాత్ర గానీ డి కలిసిన ఏ టానిక్ గానీ ఇవ్వొద్దు. మళ్లీ కాల్షియం, క్రియాటినిన్ ఎప్పుడు చూపించాలో అడిగి ఆ తేదీ తప్పకండి. ఇకమీదట ఏ మందు తెచ్చినా కవరు మీద "వారానికి ఒకటి, సోమవారం" అని తెలుగులో రాయించుకోండి. రాయకపోతే మీరే రాయండి.

ఇక మీ మాత్రలు. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగడం వల్ల ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. ఐరన్ మధ్యాహ్నం నిమ్మకాయ నీళ్లతోనో జామకాయతోనో వేసుకోండి. దానికి ముందూ తర్వాతా ఒకటి రెండు గంటలు టీ, పాలు వద్దు. కాల్షియం రాత్రి అన్నం తిన్నాక. విరేచనం నల్లగా వస్తే భయపడి ఆపేయొద్దు. హిమోగ్లోబిన్ పెరిగిన వెంటనే ఆపొద్దు, ఒంట్లో ఐరన్ నిలవ నిండడానికి ఇంకా రెండు మూడు నెలలు పడుతుంది. 9.2కు ఎందుకు దిగిందో కూడా తెలియాలి అక్కా. నెలసరి ఎక్కువగా అవుతుంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి. మాత్ర ఒక్కదానితో అది ఆగదు.

బయోటిన్ డబ్బా పక్కన పెట్టేయండి. రోజుకు కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములు. జుట్టు మాత్రల్లో ఐదు వేలు, పది వేలు ఉంటాయి. అంత మోతాదు మీద ఉంటే థైరాయిడ్ పరీక్ష, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కొన్ని యంత్రాల్లో తప్పు చూపిస్తాయి. లేని థైరాయిడ్ ఉన్నట్టు వచ్చి, నాలుగు రోజులు మాత్ర ఆపించి మళ్లీ చేస్తే మామూలుగా వచ్చిన ఆమెను నేను చూశాను. రక్తం తక్కువైతే కూడా జుట్టు రాలుతుంది. ముందు ఐరన్ సరిగా వాడండి.

ఇలాంటిదే మీ అబ్బాయి విషయంలో ఒకటి. క్రియాటిన్ తినేవాళ్లకు రక్తంలో క్రియాటినిన్ అంకె కొంచెం ఎక్కువ వస్తుంది. కిడ్నీ చెడిపోయి కాదు, క్రియాటిన్ విరిగితే వచ్చేదే క్రియాటినిన్ కాబట్టి. సూది గుచ్చే ముందు వాడు ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే ఊరికే కంగారు.

మల్టీవిటమిన్ అవసరం లేదు. అనుమానం ఉంటే వాడికి ఒకసారి బి12, డి విటమిన్, హిమోగ్లోబిన్ చూపించండి. మాంసం, పాలు తక్కువ తినేవాళ్లలో బి12 తగ్గడం మేము చాలా చూస్తాం. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలోనూ అంతే. తక్కువ వస్తే అదొక్కటే వాడొచ్చు. చేపనూనె మాత్ర మీద వెయ్యి మిల్లీగ్రాములని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మామూలు వాటిలో పనికొచ్చే ఒమేగా 3 అందులో 300 మాత్రమే. ఇరవై ఏళ్ల కుర్రాడికి దానికి డబ్బు పెట్టే పని లేదు.

పీఈటీ సార్ (కడప)

ల్యాబ్ అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట. నకిలీ గురించి నేను చెప్పడం మరిచాను. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ) అని ఉండి 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. బయటి దేశానిదైతే దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా అంటించి ఉండాలి. మూత కింద సీలు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడాలి, బిల్లు తీసుకోవాలి. ఇవన్నీ ఉన్నా లోపల ఉన్నది అంతే ఉంటుందని హామీ లేదు. 2024లో మన దగ్గర అమ్మే 36 రకాల ప్రోటీన్ పొడులను పరీక్షించి ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. 70 శాతం దాకా డబ్బాల మీద రాసిన ప్రోటీన్‌కు, లోపల ఉన్నదానికి పొంతన లేదు. మామూలు పరీక్షలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు, నత్రజనిని కొలిచి దాన్నిబట్టి ప్రోటీన్ లెక్కగడతారు. గ్లైసిన్, టారిన్ లాంటి చవక పొడులు కలిపితే ఆ అంకె పెరుగుతుంది. కాబట్టి పదార్థాల వరసలో వాటి పేర్లు విడిగా కనిపిస్తే ఆ డబ్బా వదిలేయండి.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది వేరే ఉంది. పేరు లేని కవరులో, లేబుల్ లేని సీసాలో "ఇది తీసుకో, రెండు నెలల్లో కనిపిస్తుంది" అని ఇచ్చేది. వాటిలో స్టెరాయిడ్లు ఉండొచ్చు. నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్లవాడు అలాంటిది వాడి ఇరవై రెండేళ్లకే ఆసుపత్రి పాలయ్యాడు. వాడి తండ్రి నా ముందు కూర్చుని ఏడ్చిన రోజు నేను మరువలేను. మీ వాడు యూనివర్సిటీ పోటీలకు పోతే ఇంకో చిక్కు. డోపింగ్ (నిషేధించిన మందుల) పరీక్షలో దొరికితే తెలియక తిన్నానన్నా వినరు, ఒంట్లో ఉన్నదానికి ఆటగాడే బాధ్యుడు. ఈ ముక్క వాడితో మీరు చెప్పకండి, నన్ను మాట్లాడించండి. అమ్మ చెబితే భయమంటారు, వ్యాయామం నేర్పేవాడు చెబితే వింటారు.

చెనిక్కాయల గురించి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతున్నాను. వానకు తడిసి బూజు పట్టిన కాయలో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినా పూర్తిగా పోదు. ముడతలు పడ్డవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరేయాలి.

కుట్టుమిషన్ (అనంతపురం)

సార్, ల్యాబ్ చెల్లెమ్మా, టవర్‌క్లాక్ తమ్ముడూ, మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రి వాడితో గంటసేపు మాట్లాడాను. సార్ వేసిన లెక్క మొత్తం చదివి వినిపించాను. 45 గ్రాములే తింటున్నావంట నాయనా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కోచ్ నన్ను ఎప్పుడూ ఏం తింటున్నావని అడగలేదమ్మా" అన్నాడు. క్రియాటిన్ ఒక్కటి కొనిస్తానన్నాను, బిల్లు ఫోటో పంపాలన్నాను. వే డబ్బా పరీక్షలప్పుడు చూద్దామన్నాను. సార్, మీ నంబరు మెసేజ్‌లో పంపితే వాడే ఫోన్ చేస్తాడంట.

ఇవాళ పొద్దున మా అన్న చేను నుంచి వచ్చిన విత్తనాలు రెండు కిలోలు చాటలో పోసి కూర్చున్నాను. మా నాయన కూడా వచ్చి పక్కన కూర్చుని ఏరాడు. ఆయన కళ్లు నాకంటే నయం, ముడత కాయ ఒక్కటి వదల్లేదు. రెండు గుప్పిళ్లు పక్కకు తీశాడు. మిగతావి సన్న సెగ మీద వేయించాను. పప్పుల పొడి ఒక డబ్బా, రాగిపిండి ఒక కిలో, బెల్లం. రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాను.

చెల్లెమ్మా, బయోటిన్ డబ్బా పక్కింటామెకు తిరిగి ఇచ్చి నువ్వు చెప్పిందంతా చెప్పాను. ఆమెకు వచ్చే వారం థైరాయిడ్ పరీక్ష ఉందంట. మా నాయనకు శుక్రవారం మళ్లీ కాల్షియం చూస్తారు. రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను, అంకె చూసి నువ్వే చెప్పాలి.